సోషల్ మీడియాలో జవాబు ఎవరు చెబుతారు?



సోషల్ మీడియాలో తమ సరుకు అమ్ముకునే వ్యాపారులతోనూ, కంపెనీల ప్రచార విభాగాల్లో పనిచేస్తున్న యువతీయువకులతోనూ ఈ రోజు కాసేపు మాట్లాడాలనుకుంటున్నాను. కొనేవాళ్లు కూడా వింటే మంచిదే. ఈ కథలో వాళ్ల పాత్ర తక్కువేమీ కాదు.

చీరలు అమ్మే పేజీ ఏదైనా ఒకటి తెరవండి. మంగళగిరి చీర ఫొటో ఉంటుంది. కింద ‘ప్రైస్ ప్లీజ్’ అనో, అంత టైప్ చేసే తీరిక లేక ‘పిపి’ అనో పదుల కొద్దీ కామెంట్లు. ప్రతి కామెంటు కిందా ఒకటే మాట: ‘ఇన్‌బాక్స్ చూడండి మేడమ్.’ కొందరికి ఆ మాత్రం జవాబు కూడా రాదు. ధర పైకి చెబితే పక్క పేజీవాళ్లు వంద తగ్గించి అమ్ముతారని వ్యాపారుల భయం. కామెంట్లు పెరిగితే పోస్టు ఇంకా ఎక్కువమందికి చేరుతుందని మరో లెక్క. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ కొనేవాళ్ల వైపు నుంచి ఆలోచించండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో దుకాణం ముందు ఆగి ‘ఇదెంతండీ’ అని అడిగితే, పైకి చెప్పను, పక్కకు రమ్మనే వ్యాపారి దగ్గర ఎవరు నిలబడతారు? ధర దాచారంటే మనిషిని చూసి రేటు చెబుతారేమోనన్న అనుమానం పుడుతుంది. అనుమానం వచ్చినవాళ్లు మళ్లీ అడగరు. ఆ పోస్టు దాటుకుని వెళ్లిపోతారు.

పోస్టు పెట్టడానికి మన దగ్గర అన్నీ ఉంటాయి. ఫొటోలకు మంచి లైటింగ్, రీల్‌కి కొత్త పాట, ఉగాదికీ సంక్రాంతికీ పోస్టర్లు, వీటన్నిటికీ బడ్జెట్ ఉంటుంది, మనిషి ఉంటాడు. అడిగినవాళ్లకు జవాబు చెప్పడం మాత్రం ఎవరికి తీరికైతే వాళ్ల పని. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సోషల్ మీడియాలో బ్రాండ్‌కి పేరు వచ్చినా, ఉన్న పేరు పోయినా జవాబు దగ్గరే జరుగుతుంది. నాకు తెలిసిన పెద్ద కంపెనీల కథలన్నీ చివరికి అక్కడికే చేరుతున్నాయి.

కెనడాలోని హాలిఫాక్స్ నగరంలో డేవ్ కారొల్ అనే గాయకుడున్నాడు. 2008 మార్చి 31న తన బృందంతో కలిసి యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలో అమెరికాలోని ఒమహాకు బయల్దేరాడు. దారిలో షికాగోలో దిగి విమానం మారాలి. షికాగోలో విమానం ఆగి ఉండగా, వెనక కూర్చున్న ఒకావిడ కిటికీలోంచి చూసి, బయట గిటార్లు విసిరేస్తున్నారని కేకేసింది. ఒమహా చేరాక తెలిసింది, 3,500 డాలర్ల ఖరీదు చేసే అతని టేలర్ గిటార్ విరిగిపోయిందని. బాగు చేయించడానికి 1,200 డాలర్లయింది. అక్కణ్నుంచి మొదలైంది తిరుగుడు. షికాగో వాళ్లను అడగమని ఒకరు, ఇంకో ఆఫీసుకు రాయమని ఒకరు. ఇలా దాదాపు తొమ్మిది నెలలు తిప్పి, 24 గంటల్లోగా ఫిర్యాదు చేయలేదు కాబట్టి పరిహారం ఇవ్వలేమని తేల్చేశారు. సరే, అయితే నేను మీ మీద మూడు పాటలు రాసి వీడియోలు పెడతాను అని కారొల్ ఆఖరి ఉత్తరం రాశాడు. అన్నట్టే 2009 జులై 6న మొదటి పాట యూట్యూబ్‌లో పెట్టాడు. ఒక్క రోజులో సుమారు లక్షన్నర మంది చూశారు. ఆగస్టు సగానికి ఆ సంఖ్య 50 లక్షలకు చేరింది. అప్పుడు కదిలింది కంపెనీ. ఫోన్ చేసింది, పరిహారం ఇస్తామంది. అతను వద్దనడంతో ఒక జాజ్ సంగీత విద్యాసంస్థకు 3,000 డాలర్ల విరాళం ఇచ్చింది.

ఆ పాట దెబ్బకు కంపెనీ షేర్ల విలువ కోట్ల డాలర్లు పడిపోయిందని మార్కెటింగ్ పాఠాల్లో తరచూ చెబుతుంటారు. ఆ లెక్కను నేను నమ్మను. షేర్ ధర పెరగడానికీ పడడానికీ ఒకే రోజు పది కారణాలుంటాయి. ఆ లెక్కలో పడి అసలు సంగతి మరిచిపోతాం. తనకు ‘ఇవ్వలేం’ అని చెప్పిన ఉద్యోగిని గురించి కారొల్ తర్వాత ఒక వీడియోలో మాట్లాడాడు. ఆమె మంచి ఉద్యోగి అనీ, కంపెనీ నిబంధనల ప్రకారమే నడుచుకుందనీ మెచ్చుకున్నాడు. గమనించండి, జవాబు చెప్పిన మనిషిలో లోపం లేదు. ఆమె చేతిలో 1,200 డాలర్లు ఇచ్చే అధికారం లేదు. ఆ అధికారం ఉన్నవాళ్లకు కారొల్ ఉత్తరాలు కనబడలేదు, లక్షల మంది చూసిన వీడియో కనబడింది.

అదే కంపెనీకి, అదే షికాగో విమానాశ్రయంలో ఎనిమిదేళ్ల తర్వాత ఇంకో పరీక్ష వచ్చింది. 2017 ఏప్రిల్ 9న లూయీవిల్ వెళ్లే విమానంలో విమాన సిబ్బందికి సీట్లు కావాల్సి వచ్చాయి. టికెట్ కొని కూర్చున్న ఒక పెద్ద వయసు డాక్టరు లేవనంటే, భద్రతా సిబ్బంది ఆయన్ను నడవలో ఈడ్చుకుపోయారు. తోటి ప్రయాణికులు ఫోన్లలో తీశారు. మర్నాడు కంపెనీ అధిపతి ఆస్కార్ మునోజ్ ఇచ్చిన ప్రకటనలో, ఈ ప్రయాణికులను వేరే విమానాలకు సర్దుబాటు చేయాల్సి వచ్చినందుకు చింతిస్తున్నామన్న ధోరణే ఉంది. ఉద్యోగులకు రాసిన లేఖలోనైతే తప్పంతా ఆ ప్రయాణికుడిదే అన్నట్టుంది. మనిషి మూతి నిండా రక్తం ఉన్న వీడియో జనం చేతుల్లో ఉండగా ఇలాంటి మాటలు! రెండో రోజుకు గానీ నిజమైన క్షమాపణ రాలేదు. ఆ తర్వాత కంపెనీ ఒక నియమం మార్చింది. సీటు వదులుకోవడానికి ఇష్టపడిన ప్రయాణికుడికి 10,000 డాలర్ల దాకా ఇవ్వొచ్చని సిబ్బందికి వెసులుబాటు ఇచ్చింది. ఆ మాత్రం వెసులుబాటు ముందే ఉంటే ఆ వీడియో పుట్టేదే కాదు.

మన దేశం సంగతికొస్తే, మ్యాగీ నూడుల్స్ కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లో పరీక్షించిన ఒక నమూనాలో సీసం 17.2 పీపీఎం ఉందని తేలింది. అనుమతి ఉన్నది 2.5 దాకానే. 2015 మే నెలలో ఆ వార్త దేశమంతా పాకింది. తల్లులు అడిగింది ఒకటే ప్రశ్న: ఇంట్లో ఉన్న ప్యాకెట్లు పిల్లలకు పెట్టొచ్చా, పెట్టకూడదా? ట్విట్టర్‌లో మ్యాగీ తయారీ కంపెనీ నెస్లే జవాబులైతే ఇచ్చింది. కాకపోతే ఎవరేమడిగినా ఒకే అచ్చు మాటలు. మా పరీక్షల్లో అంతా సురక్షితమని తేలింది, వివరాలకు ఈ లింకు చూడండి, అంతే. భయపడిన మనిషికి న్యాయవాది రాసిన వాక్యం ఇచ్చినట్టయింది. జూన్ 5న ఆహార భద్రతా సంస్థ మ్యాగీని నిషేధించింది.

ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసి, మళ్లీ పరీక్షలు చేయించమంది. నమూనాలు వెళ్లిన మూడు లేబొరేటరీల్లో ఒకటి మన హైదరాబాద్‌లోని విమ్టా. మూడు చోట్లా సీసం పరిమితికి లోపలే ఉందని వచ్చింది. అంటే శాస్త్రం లెక్కన కంపెనీ ముందు నుంచీ చెప్పిన మాట నిలబడిందన్నమాట. అయినా అయిదు నెలలపాటు దుకాణాల్లో మ్యాగీ లేదు. నిజం మన వైపున్నంత మాత్రాన జనం నమ్మరు, ఆ నిజాన్ని చెప్పే గొంతును కూడా నమ్మాలి. తర్వాత కంపెనీ ఆ గొంతు మార్చుకుంది. మ్యాగీ లేక ఏమీ తోచని హాస్టల్ కుర్రాళ్లలాంటి వాళ్లతో చిన్న చిన్న వీడియోలు వదిలింది, మేం కూడా మిమ్మల్ని మిస్సవుతున్నాం అంటూ. నవంబరులో మళ్లీ అమ్మకాలు మొదలైనప్పుడు ఆన్‌లైన్ దుకాణం స్నాప్‌డీల్‌లో పెట్టిన 60,000 కిట్లు అయిదు నిమిషాల్లో అయిపోయాయి.

క్షమాపణ ఎలా చెప్పాలో డొమినోస్ దగ్గర నేర్చుకోవచ్చు. 2009 ఏప్రిల్‌లో అమెరికాలోని నార్త్ కెరొలైనా రాష్ట్రంలో ఇద్దరు ఉద్యోగులు వంటగదిలో పాడు పనులు చేస్తూ వీడియో తీసి పెట్టారు. మాట్లాడకుండా ఉంటే అదే సద్దుమణుగుతుందని మొదట కంపెనీ ఆగింది. సద్దుమణగలేదు. దాంతో అమెరికా వ్యాపారానికి అధ్యక్షుడైన ప్యాట్రిక్ డాయిల్, అదే యూట్యూబ్‌లోకి వచ్చి కెమెరా ముందు కూర్చుని క్షమాపణ చెప్పాడు. జనం చూసింది ఎక్కడో, అక్కడికే వచ్చి చెప్పడం ముఖ్యం. మరుసటి ఏడాది ఆ కంపెనీ ఇంకా పెద్ద సాహసం చేసింది. మీ పిజ్జా అడుగు అట్టముక్కలా ఉందని కస్టమర్లు తిట్టిన తిట్లను తన ప్రకటనల్లోనే చూపించి, వంటకం మొత్తం మార్చామని చెప్పింది. 2010 మొదటి మూడు నెలల్లో అమెరికాలోని పాత దుకాణాల అమ్మకాలు 14.3 శాతం పెరిగాయి. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ఏమిటంటే, వాళ్లు పిజ్జా నిజంగా మార్చారు. మార్చకుండా వీడియో ఒక్కటే తీసి ఉంటే తిట్లు రెట్టింపయ్యేవి.

వేగం గురించి చాలామంది ఒరియో బిస్కెట్ల ఉదాహరణ చెబుతారు. 2013 ఫిబ్రవరి 3న అమెరికాలో సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీ జరుగుతుండగా కరెంటు పోయింది. ఆట 34 నిమిషాలు ఆగిపోయింది. చీకట్లో కూడా బిస్కెట్ పాలలో ముంచుకోవచ్చు అని ఒరియో వెంటనే ఒక బొమ్మ ట్వీట్ చేసింది. కోట్లు పోసి కొన్న టీవీ ప్రకటనలకన్నా ఆ ఒక్క ట్వీట్ గురించే జనం ఎక్కువ మాట్లాడుకున్నారు. చమత్కారం అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది ఇంకొకటుంది. ఆ రాత్రి కంపెనీవాళ్లూ ప్రకటనల ఏజెన్సీవాళ్లూ ఒకేచోట కూర్చుని ఉన్నారు. ‘సరే, పెట్టండి’ అనగలిగిన మనిషి అక్కడే ఉన్నాడు. మన దగ్గర ఒక పోస్టర్ నాలుగు టేబుళ్లు దాటి వచ్చేసరికి పండగ వెళ్లిపోతుంది.

అలాగని ప్రతి సంఘటనలోనూ మన సరుకు దూర్చకూడదు. 2011లో ఈజిప్టులో జనం ప్రభుత్వం మీద తిరగబడి వీధుల్లో ఉన్నప్పుడు, కైరోలో ఈ గొడవంతా మా కొత్త దుస్తులు వచ్చాయని తెలిసేనేమో అన్న అర్థంతో అమెరికా డిజైనర్ కెనెత్ కోల్ ట్వీట్ చేశాడు. మనుషులు చనిపోతున్న చోట అమ్మకమా అని లోకం దుమ్మెత్తిపోసింది. తుపాను వచ్చినా, ప్రమాదం జరిగినా, నాయకుడో నటుడో పోయినా ఆ రోజు అమ్మకం మాట ఆపేయాలి. షెడ్యూల్ చేసి పెట్టిన పోస్టులు ఆపడం కూడా అందులో భాగమే. దీనికి తెలివి అక్కర్లేదు, మర్యాద చాలు.

ఒక్కోసారి మన తప్పేమీ లేకుండానే దెబ్బ తగులుతుంది. 2017 ఏప్రిల్‌లో స్నాప్‌చాట్ అధిపతి మన దేశాన్ని పేద దేశమని చులకన చేశాడని ప్రచారం జరిగింది. ఆ కంపెనీ కాదన్నా వినకుండా, పేరు కలిసిందని కొందరు స్నాప్‌డీల్ యాప్‌కు ఒక్క స్టార్ రేటింగులు ఇచ్చి ఫోన్లలోంచి తీసేశారు. ఆవేశంలో ఉన్న గుంపు తలుపు నంబరు చూడదు. అలాంటప్పుడు ఓపిగ్గా, కోపం లేకుండా, ఒకే వివరణను పదేపదే ఇవ్వడం తప్ప మార్గం లేదు.

ఇక నమ్మకం సంగతి. తెనాలి దగ్గర గుడివాడలో మస్తానమ్మ అనే అవ్వ ఉండేది. వందేళ్లు దాటిన మనిషి. పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండుతుంటే మునిమనవడు, అతని స్నేహితుడు వీడియో తీసి ‘కంట్రీ ఫుడ్స్’ పేరుతో యూట్యూబ్‌లో పెట్టారు. ఆమె పుచ్చకాయలో వండిన కోడికూర ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబరులో ఆమె పోయినప్పుడు విదేశాల పత్రికలు కూడా రాశాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానెల్‌తో గంగవ్వ వచ్చింది. వాళ్లను చూసి జనం ఇంట్లో మనిషిని చూసినట్టు సంతోషించారు. ఆ నమ్మకం ఎంత గట్టిదో ప్రకటనదారులకు తెలుసు కాబట్టే ఇవాళ ఊరూరా ఇన్‌ఫ్లుయెన్సర్ల వెంటపడుతున్నారు.

అందులో తప్పులేదు, డబ్బు తీసుకుని చెబుతున్నామని చూసేవాళ్లకు తెలిస్తే. దీనికి చట్టమే ఉంది. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు విడుదల చేసింది. డబ్బు తీసుకున్నా, ఉచితంగా సరుకు తీసుకున్నా ఆ సంగతి స్పష్టంగా, చూసేవాళ్లకు తేలిగ్గా కనబడేటట్టు చెప్పి తీరాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా. ప్రచారం చేసినవాళ్లను ఏడాది, ఆ పైన మూడేళ్ల వరకూ ప్రకటనలకు దూరం పెట్టొచ్చు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని సినిమావాళ్లమీదా, యూట్యూబర్లమీదా పోలీసులు కేసులు పెట్టిన సంగతి మీకు తెలుసు. ఆ యాప్‌ల వల్ల డబ్బు పోగొట్టుకున్న కుర్రాళ్లకు సమాధానం ఎవరు చెబుతారు? ఒక మనిషి మీద జనానికున్న ప్రేమను అద్దెకు తీసుకున్నప్పుడు, ఆ ప్రేమ పాడుకాకుండా చూడాల్సిన పూచీ కంపెనీ మీదే ఎక్కువ ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

మరొక్క సంగతి. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. లక్షల మంది ఫాలోవర్లను కూడగట్టుకున్న మన పల్లెటూళ్ల కళాకారులు, చిన్న వ్యాపారులు ఆ ఫాలోవర్లందర్నీ పోగొట్టుకున్నారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఉంటాయి కదా అనుకోవచ్చు. మన పోస్టు ఎవరికి చూపించాలో నిర్ణయించేది వాటిని నడిపే కంపెనీలే. అందుకని కొన్నవాళ్ల పేరు, ఫోన్ నంబరు, ఏం కొన్నారన్నది వాళ్ల అనుమతితో మీ దగ్గర ఒక పుస్తకంలోనైనా రాసి పెట్టుకోండి.

మళ్లీ జవాబు దగ్గరికే వద్దాం. 2025 ఏప్రిల్‌లో పచ్చళ్లు అమ్మే ఒక చిన్న వ్యాపారం కథ తెలుగువాళ్లందరి ఫోన్లలోకీ వచ్చింది. ధర ఇంత ఎక్కువా అని ఒక కస్టమర్ వాట్సాప్‌లో అడిగాడు. జవాబుగా వెళ్లిన వాయిస్ మెసేజ్‌లో బూతులున్నాయి. అది బయటికొచ్చి, ఎక్కడ చూసినా అదే చర్చ. ఆ జవాబు తప్పు, సందేహం లేదు. దానికి ప్రతిగా ఆ వ్యాపారం నడిపే ఇంటి ఆడపిల్లల్ని జనం రోజుల తరబడి వేటాడిన తీరు అంతకన్నా పెద్ద తప్పు. ఒక మాట జారితే మనిషినే పీకి పారేయాలనుకునే సమాజంలో ఎవరి వ్యాపారమూ భద్రంగా ఉండదు.

కానీ ఆ ప్రశ్నను ఒక్కసారి చూడండి. ‘ఇంత ఎక్కువా?’ అన్నవాడు అప్పటికే ధర చదివాడు, కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నాడు. పచ్చడికి వాడే కిలో మటన్ ధర ఇది, వేగాక అది బాగా తగ్గిపోతుంది, వాడేది ఫలానా నూనె, కొరియర్‌లో కారకుండా ప్యాకింగ్‌కు ఇంత అవుతుంది అని నాలుగు వాక్యాలు రాస్తే అతను కొనేవాడేమో. కొనకపోయినా అతనికి లెక్క తెలిసేది. అలాగే, పార్సిల్ విప్పేటప్పుడు ఓపెనింగ్ వీడియో తీయకపోతే రిటర్న్ లేదని ఇప్పుడు ప్రతి పేజీలోనూ రాస్తున్నారు. మోసం చేసే కొనుగోలుదారులూ ఉన్నారు కాబట్టి ఆ నియమాన్ని నేను తప్పుపట్టను. డబ్బు కట్టాక చెబితే మాత్రం అది అన్యాయం. ముందే చెప్పాలి, చిరుగున్న చీర మొదటిసారి వస్తే వీడియో లేకపోయినా మార్చి ఇవ్వాలి. ఒక చీర నష్టం కన్నా ఒక వీధి ఆడవాళ్ల నమ్మకం పోవడం పెద్ద నష్టం.

యజమానులకు నా విన్నపం ఒకటే. మీ పేజీ నడిపేది చాలాచోట్ల ఇరవై రెండేళ్ల అమ్మాయో, అబ్బాయో. జీతం తక్కువ, తిట్లు ఎక్కువ. రాత్రి పదకొండింటికి వచ్చే బూతు మెసేజ్ మొదట చదివేది వాళ్లే. వాళ్లను మీ సరుకు తయారయ్యే చోటికి తీసుకెళ్లి చూపించండి. ఎంత మొత్తం దాకా మిమ్మల్ని అడక్కుండా డబ్బు వెనక్కి ఇవ్వొచ్చో, ఏ సంగతైతే వెంటనే మీకు ఫోన్ చేయాలో ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి వాళ్ల చేతికివ్వండి. ఆ పని రేపే చేయండి.